13 టెవ్ ప్రోటాన్ చెదురులో డిప్ రావట్లేదు

అమలాపురం ఎమ్మెస్సీ: మాస్టారూ, చెదురు లెక్కలో ఒకే పోమెరాన్ (ప్రోటాన్ల మధ్య మారే గ్లూవాన్ల జట్టు), |t| (మొమెంటం మార్పు వర్గం) పెరిగేకొద్దీ వక్రం ఎంత వేగంగా తగ్గాలో చెప్పే వాలు 20 గెవ్⁻² పెట్టాను. సెర్న్‌లోని టోటెమ్ ప్రయోగం చూపిన |t|=0.47 గెవ్² దగ్గర డిప్ (వక్రంలో గుంట) రాదేంటండి?

భీమవరం లెక్చరర్: ఒక్క ఎక్స్‌పొనెన్షియల్ ఎక్కడా సున్నా కాదు, డిప్ ఎలా వస్తుంది? ఐకోనల్ (ఎక్కువ పోమెరాన్ల మార్పిడినీ కలిపే సూత్రం) వాడండి: 1−e^(−Ω), Ω అంటే ఒక్క పోమెరాన్ పదం. విస్తరిస్తే గుర్తులు మారుతూ వస్తాయి, ఒకటీ రెండూ పోమెరాన్ల పదాలు కొట్టుకుపోయే చోటే డిప్. b (ప్రోటాన్ల మధ్య అడ్డు దూరం) ఫెర్మీల్లో, q (|t| వర్గమూలం) గెవ్‌లో ఉంటే q ని 0.1973తో (ħc, గెవ్·ఫెర్మీల్లో) భాగించాకే J₀ (బెసెల్ ఫంక్షన్)లో పెట్టండి. అది మర్చిపోతే డిప్ ఎక్కడికో పోతుంది.

రాజమండ్రి: యాంప్లిట్యూడ్‌లో రియల్ భాగం వదలకండి. వదిలితే వక్రం డిప్‌లో నేరుగా సున్నాకి పడిపోతుంది. ముందు |t|=0 దగ్గర ρ (రియల్ భాగానికీ ఇమాజినరీ భాగానికీ నిష్పత్తి) సుమారు 0.1, మొత్తం క్రాస్‌సెక్షన్ 110.6±3.4 మిల్లీబార్న్‌తో సరిచూడండి. మొత్తం క్రాస్‌సెక్షన్‌కి డొనాకీ, లాండ్‌షాఫ్ ఇచ్చిన పాత ఫిట్ ఇక్కడ 100 దగ్గరే ఆగుతుంది.

భీమవరం లెక్చరర్: అవునండి. యాంటీప్రోటాన్‌కి అంత లోతు డిప్ ఉండదు. 2021లో ఆడరాన్ (పోమెరాన్ లాంటిదే, కానీ యాంటీప్రోటాన్‌కి గుర్తు మారేది) వాదన నిలబడింది ఆ తేడా, టోటెమ్ కొలిచిన తక్కువ ρ రెండూ కలిపి.