మజిల్‌లోడర్ షాట్‌గన్: మందు, షాట్ ఎలా మోస్తున్నారు, దేంతో కొలుస్తున్నారు?

ఓహాయో రవి:
అందరికీ నమస్కారం. ఇక్కడి క్లబ్బులో ఏడాదిగా పాత పద్ధతి తుపాకులతో క్లే బిళ్లలు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు) కొడుతున్నాను. మొన్న సొంతంగా 12 బోర్ డబుల్ బ్యారెల్ కొన్నాను, ఇటలీలో పెడర్సోలీ వాళ్లు చేసింది. మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతిలోంచి తుపాకీమందు పోసి, వాడ్ (అట్ట బిళ్ల) పెట్టి, షాట్ (చిన్న సీసపు గుళ్లు) పోసి, గజంతో (పొడుగు కడ్డీతో) దట్టించే రకం. ఇప్పటిదాకా క్లబ్బువాళ్లు కొలిచి ఇచ్చిందే పోసుకునేవాణ్ని. ఇక నేనే మోసుకెళ్లాలి, నేనే కొలుచుకోవాలి. తుపాకీతో వచ్చిన కాగితంలో మందు గ్రెయిన్లలో ఉంది. క్లబ్బు పెద్దాయన డ్రాముల్లో చెప్తాడు. షాటేమో ఔన్సుల్లో. పోయిన శనివారం పెట్టె తెరిచి అరగంట కూర్చుని, ఒక్కటీ కాల్చకుండా ఇంటికొచ్చేశాను. మందు పోసుకునే ఇత్తడి ఫ్లాస్కు కొనాలా, ఇంట్లోనే కొలిచి చిన్న గొట్టాల్లో పట్టుకెళ్లాలా?

విజయ, ఇండియానా:
రవి గారూ, కాల్చకుండా వెనక్కి రావడం చాలా మంచి పని. అనుమానం ఉన్న రోజు గజం ముట్టుకోకూడదు.

ముందు లెక్క చూద్దాం. ఔన్సుకి 16 డ్రాములు, డ్రాముకి 27.34 గ్రెయిన్లు. అంటే 2¾ డ్రాములు 75 గ్రెయిన్లు, 3 డ్రాములు 82. షాట్ 1 ఔన్సు అంటే 28.35 గ్రాములు, 1⅛ ఔన్సు దాదాపు 32 గ్రాములు. వంటింటి తక్కెడ గ్రాముల్లో చూపిస్తుంది, గ్రాముకి 15.43 గ్రెయిన్లు. ఈ రెండు పేర్లూ కలగాపులగం చేస్తే ప్రాణం మీదికొస్తుంది, డబ్బా మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి.

నల్లటి పాత మందుని (నల్లమందు అని రాయలేను, అది వేరే సరుకు) తూకంతో కాదు, కొలతతో పోస్తాం. అమ్మమ్మ సోలతో బియ్యం కొలిచినట్టే. నింపాలి, అంచు మీద రెండు దెబ్బలు తట్టాలి, పైన వేలితో చదును చేయాలి. ఒకసారి తట్టి, ఒకసారి మరిచిపోతే ఆ రెండూ ఒకే కొలత కాదు. నేను ఎన్ని తట్లు తట్టాలో లెక్కపెట్టుకుంటాను.

ఇంకో సుళువు ఉంది. 1⅛ ఔన్సు షాట్ పట్టే కొలపాత్ర నిండా మందు పోస్తే అది సుమారు 2¾ డ్రాములే అవుతుంది. అదే పాత్రతో మందూ, అదే పాత్రతో షాటూ. 12 బోర్‌కి క్లే బిళ్లల మీద ఇది మెత్తని, నిలకడైన లోడు. ముందు మీ తుపాకీ కాగితంలో ఉన్న హద్దుతో పోల్చుకోండి. పొగలేని ఆధునిక మందు మాత్రం ఈ గొట్టంలోకి చిటికెడు కూడా పోవద్దు, గొట్టం పగిలిపోతుంది.

నాగేశ్:
ఫ్లాస్కు కొంటే కొనండి కానీ దాని మూతి నేరుగా తుపాకీ మూతిలో పెట్టొద్దు తమ్ముడూ. ఇంతకుముందు కాల్చిన వాడ్ ముక్క లోపల నిప్పుగా మిగిలితే, మీ చేతిలో ఉన్న అరపౌను మందంతా ఒకేసారి అంటుకుంటుంది. ఫ్లాస్కులోంచి విడి కొలపాత్రలోకి, అక్కణ్నుంచి గొట్టంలోకి. ఇందులో మినహాయింపు లేదు.

నా తప్పు ఒకటి చెప్తాను. రెండేళ్ల కింద ఒక పోటీలో పక్కాయనతో మాట్లాడుతూ లోడ్ చేశాను. ఎడమ గొట్టంలో షాట్ పోశాను, మాటల్లో పడి మళ్లీ అందులోనే పోశాను. కుడి గొట్టంలో మందు, వాడ్ మాత్రమే ఉన్నాయి. గజం దింపినప్పుడు ఎడమవైపు దాని మీద గీసుకున్న గీత గొట్టం అంచు కంటే వేలెడు పైన నిలబడింది. చేతులు చల్లబడిపోయాయి. రేంజి అధికారిని పిలిచాను, నిపిల్ (నిప్పు లోపలికి వెళ్లే చిన్న మొన) మీద క్యాప్ (దెబ్బకి నిప్పు పుట్టించే మూత) లేదని ఆయనే చూసి, కడ్డీ కొసన ఉన్న మరతో వాడ్ లాగి, షాటంతా గుడ్డ మీదికి ఒంపించాడు. ఆ గీత లేకపోతే కాల్చేసేవాణ్నే. మీ మామూలు లోడుకి గజం ఎక్కడిదాకా దిగుతుందో చాకుతో గీసుకోండి, ఖాళీ గొట్టానికి ఇంకో గీత.

అప్పట్నుంచి నావన్నీ ఇంట్లో కొలిచిన గొట్టాలే. మందువి ఎర్ర మూత, షాట్‌వి తెల్ల మూత. నిండువి ఎడమ జేబులో, ఖాళీవి కుడి జేబులో. పక్కన ఎవరు పలకరించినా లెక్క తప్పదు.

షెఫీల్డ్ శ్రీను:
నేనుండే ఊరే ఈ సామానుకి పుట్టిల్లు. 19వ శతాబ్దంలో డిక్సన్, హాక్స్‌లీ కంపెనీలు రాగి, ఇత్తడి ఫ్లాస్కులు ఇక్కడే చేసేవి. నా దగ్గర ఒక డిక్సన్ ఫ్లాస్కు ఉంది. మూతి మీద 2¼, 2½, 2¾, 3 అని డ్రాముల అంకెలు చెక్కి ఉంటాయి, మూతిని జరిపితే కొలత మారుతుంది. వేలు మూతికి అడ్డం పెట్టి తలకిందులు చేయాలి, మీట నొక్కితే మందు చిన్న గొట్టంలోకి దిగుతుంది, వదిలితే స్ప్రింగు లోపలి తలుపు మూసేస్తుంది. రాగి, ఇత్తడి ఎందుకంటే అవి తగిలితే నిప్పురవ్వ రాదు.

పాతది కొనేవాళ్లు ఆ స్ప్రింగు చూసుకోవాలి. నాదాంట్లో అది వదులైపోయి తలుపు పూర్తిగా మూసుకునేది కాదు, మందు కారుతూ ఉండేది. ఇప్పుడది గూట్లో అందానికి పెట్టాను. షాట్‌కి మాత్రం తోలు బెల్టే వాడతాను. భుజం మీంచి ఏటవాలుగా వేసుకునేది, రెండు అరలు, ఒక్కో అరలో ఒక్కో సైజు షాట్. బరువు నడుం మీద కాకుండా భుజం మీద పడుతుంది, రోజంతా తెలియదు.

రాజమండ్రి సత్యం:
మా తాతగారికి ఏజెన్సీలో లైసెన్సు తుపాకీ ఉండేది, సింగిల్ బ్యారెల్. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించి, రసీదు ధోవతి కొంగున కట్టుకుని వచ్చేవాడు. మందు గేదె కొమ్ములో, చివర చింతచెక్క బిరడా. కొలతకి వెదురు గొట్టం, నా బొటనవేలంత. లోపలంతా అరిగి నున్నగా మెరిసేది. ఆ వెదురు ముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మన దగ్గర లైసెన్సు లేకుండా ముట్టుకుంటే ఆయుధాల చట్టం కింద కేసే, అటవీ జంతువులకైతే ఇంకో చట్టం. కుర్రాళ్లెవరైనా ఈ చర్చ చదువుతుంటే అది గుర్తుంచుకోవాలి.

ఓహాయో రవి:
అందరికీ కృతజ్ఞతలు. సత్యం గారూ, ఆ వెదురు ముక్క ఫోటో పెట్టండి, దండం పెడతాను.

ఈ వారం చేసి చూశాను. ఒకే ఇత్తడి పాత్రతో పది సార్లు షాట్ కొలిచి తక్కెడ మీద పెట్టాను, 31.4 నుంచి 32.3 గ్రాముల మధ్య వచ్చింది. తట్టడం మరిచిన రెండే అందులో అన్నిటికన్నా తక్కువ, విజయ గారు చెప్పినట్టే. నాగేశన్న గజం గీతలు రెండూ గీశాను. ఇరవై ఎర్ర మూతలు, ఇరవై తెల్ల మూతలు సిద్ధం. ఒక సందేహం మిగిలింది. నవంబర్లో బాతుల వేటకి లైసెన్సు తీసుకున్నాను, ఇదే షాట్ వాడొచ్చా?

విజయ, ఇండియానా:
వద్దు రవి గారూ. అమెరికాలో నీటి పక్షుల మీద సీసం షాట్ 1991 నుంచి దేశమంతటా నిషేధం. ఉక్కు షాట్ మీ గొట్టాన్ని గీరేస్తుంది, బిస్మత్ అనే లోహపు షాట్ తీసుకోండి. అది సీసం కంటే తేలిక, కాబట్టి అదే పాత్ర నిండా పోసినా 1⅛ ఔన్సు రాదు. దానికి వేరే పాత్ర పెట్టుకుని, తక్కెడ మీద మళ్లీ చూసుకుని, మూతలకి ఇంకో రంగు వేయండి.