స్టెర్న్‌డ్రైవ్ బెల్లోస్: స్పెషల్ టూల్స్ లేకుండా విజయవాడలో మార్చుకోవడం కుదురుతుందా?

పున్నమిఘాట్_బోటు అడిగిన ప్రశ్న

నమస్తే అండీ. మెర్‌క్రూయిజర్ ఆల్ఫా వన్ జెన్ 2 స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ వెనక బయట) ఉన్న 18 అడుగుల ఫైబర్ బోటు. నీళ్లలో ఉంటే ఇంజిన్ కింద గంటకి రెండు లీటర్ల దాకా ఊరుతోంది, గట్టెక్కిస్తే ఆగిపోతోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వెనక గరగర. యూ-జాయింట్ బెల్లోస్ (డ్రైవ్ షాఫ్ట్ జాయింటుకి నీళ్లు తగలకుండా కప్పే మడతల రబ్బరు గొట్టం) మడతని బొటనవేలితో విప్పి చూస్తే లోయలో వెంట్రుకవాసి పగుళ్లు.

మూడు బెల్లోస్ (యూ-జాయింట్, ఎగ్జాస్ట్, గేర్ కేబుల్‌వి), క్లాంపులు, గింబల్ బేరింగ్ (డ్రైవ్ షాఫ్ట్‌ని మోసేది) ఉన్న కిట్ చేతిలో ఉంది. లేనివి హింజ్ పిన్ టూల్, ఎగ్జాస్ట్ బెల్లోస్ ఎక్స్‌పాండర్ (రబ్బరు అంచుని సాగదీసి ఎక్కించేది), అలైన్‌మెంట్ బార్ (ఇంజిన్, డ్రైవ్ ఒకే గీతలో ఉన్నాయో చూసే కడ్డీ). బ్యారేజీ గేట్లు ఎత్తి బోట్లు ఆపేశారు కాబట్టి ఈలోపే పని అయిపోవాలి. ఎలా కానివ్వాలి?

ఆటోనగర్_లేత్

మొదటి రెండిటికీ నాటు ఉపాయం ఉంది. మూడోదానికి లేదు, దాన్ని చేయించుకోవాల్సిందే.

హింజ్ పిన్లు అంటే డ్రైవ్ బిగించే బెల్ హౌసింగ్‌ని గింబల్ రింగుకి (స్టీరింగ్‌తో పక్కలకి తిరిగే రింగు) పట్టి ఉంచేవి. ఆ రింగుకి రెండు పక్కలా, ట్రిమ్ సెండర్ల (డ్రైవ్ ఎంత ఎత్తులో ఉందో మీటరుకి చెప్పేవి) వెనక దాక్కుని ఉంటాయి. సెండర్లు విప్పేముందు రింగు మీద, సెండర్ మీద కలిసేలా గీత గీయండి, లేకపోతే ట్రిమ్ మీటరు తర్వాత తప్పు చూపిస్తుంది. పిన్ను రంధ్రంలోకి చేతికందిన అలెన్ కీ దిగ్గొట్టొద్దు. మూలలు అరిగాయంటే ఆ పిన్ను ఇక డ్రిల్లు చేసి తీయాల్సిందే. వెర్నియర్‌తో లోతు, వెడల్పు కొలిచి ఈఎన్24 (గట్టి ఉక్కు) కడ్డీతో బిట్ చేయించండి. రెండో చివర అర అంగుళం సాకెట్ పట్టేలా ఉంటే చాలు. ముందురోజు రాత్రే రస్ట్ ఆయిల్ కొట్టి నానబెట్టండి. పిన్ను మరల మీద థ్రెడ్ లాక్ (మరలు వదులవకుండా పట్టే గమ్) ఉంటుంది కాబట్టి విప్పేముందు హీట్ గన్‌తో వేడి చేయండి. గ్యాస్ మంట వద్దు, అక్కడున్నది అల్యూమినియం. పిన్ను బయటికొచ్చేటప్పుడు బెల్ హౌసింగ్‌కీ రింగుకీ మధ్య ఉన్న వాషర్లు జారి పడతాయి. కింద గోనెపట్టా పరవండి.

ఎక్స్‌పాండర్ బదులు 6 ఎంఎం కడ్డీతో మూడు కొక్కేలు వంచి, కొనలు ఆకురాయితో గుండ్రంగా చేయండి. ఎగ్జాస్ట్ బెల్లోస్ ముందు గింబల్ వైపు, అంటే బోటు వైపు, ఎక్కించి, బెల్ హౌసింగ్ ఎగ్జాస్ట్ దారిలోంచి కొక్కేలు పెట్టి లోపలి అంచుని మూడు వైపుల నుంచీ సమానంగా లాగాలి. జారడానికి సబ్బునీళ్లు. గ్రీజు, ఆయిల్ రబ్బరుకి తగలకూడదు.

అసలు ఆ తిప్పలు వద్దనుకుంటే ఎగ్జాస్ట్ బెల్లోస్ స్థానంలో ఎగ్జాస్ట్ ట్యూబ్ వేసేయండి. అది గింబల్ వైపు ఒక్క క్లాంపుతో నిలబడుతుంది, రెండో చివర ఖాళీ. ఐడిల్‌లో చప్పుడు కాస్త పెరుగుతుంది, అంతే. నా ఓటు దానికే.

కృష్ణలంక_మెరైన్

విప్పే వరస తప్పితే గేర్ కేబుల్ దగ్గర దెబ్బ తింటారు. లివర్ ఫార్వర్డ్‌లో పెట్టాకే డ్రైవ్ విప్పాలి, బిగించేటప్పుడూ ఫార్వర్డ్‌లోనే. ట్రిమ్ సిలిండర్ల వెనక పిన్ను తీసి, ఆరు నట్లు విప్పితే డ్రైవ్ వెనక్కి వస్తుంది. యాభై కిలోలకి అటూ ఇటూగా బరువు, ఇద్దరు మనుషులో చైన్ పుల్లీయో కావాలి. నట్లు 5/8 అంగుళం, మీ 16 నంబరు సాకెట్ సరిపోతుంది. క్లాంపుల తలలు 5/16, వాటికి 8 నంబరు.

తర్వాత గేర్ కేబుల్ ఇంజిన్ మీది షిఫ్ట్ ప్లేట్ దగ్గర ఊడదీసి, కేబుల్ బెల్లోస్ క్లాంపు వదులు చేయండి. యూ-జాయింట్, ఎగ్జాస్ట్ బెల్లోస్ క్లాంపులు, నీళ్ల గొట్టం కూడా విప్పాకే హింజ్ పిన్ల జోలికి వెళ్లాలి.

బిగించేటప్పుడు యూ-జాయింట్ బెల్లోస్ ముందు బెల్ హౌసింగ్‌కి ఎక్కుతుంది. బెల్లోస్ గమ్ రాశాక చేతికి తడి తగలనంత వరకూ, దాదాపు పది నిమిషాలు, ఆగాలి. తడిమీద ఎక్కిస్తే రబ్బరు సర్దుకోకుండా జారి, లోపలి రింగు గాడిలో కూర్చోదు. బయటినుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. క్లాంపు బిగించకముందే చెయ్యి పెట్టి చుట్టూ తడిమి గాడి దొరికిందో లేదో చూసుకోండి. క్లాంపు స్క్రూ మళ్లీ స్క్రూడ్రైవర్ అందే వైపే ఉండాలి. కిట్‌లో పల్చటి గ్రౌండింగ్ క్లిప్పులుంటే పారేయకండి. డ్రైవ్‌కీ హౌసింగ్‌కీ కరెంటు కలిపేవి అవే, లేకపోతే తుప్పు తొందరగా పడుతుంది.

హింజ్ పిన్ల మీది పాత థ్రెడ్ లాక్ గీకేసి కొత్తది రాయండి. డ్రైవ్ ఆరు నట్లకీ టార్క్ (బిగింపు బలం) 50 పౌండ్-అడుగులు, అంటే 68 న్యూటన్ మీటర్లు. ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా బిగించాలి.

గేర్ కేబుల్ బెల్లోస్ చిన్నది కదా అని పాతది ఉంచేస్తుంటారు. ఎగ్జాస్ట్‌ది చిరిగితే బోటు మునగదు, వేడి పొగ పక్కనున్న యూ-జాయింట్ బెల్లోస్‌ని కాల్చుకు తింటుంది. కేబుల్‌ది చిరిగితే మాత్రం మునుగుతుంది.

పున్నమిఘాట్_బోటు

ధన్యవాదాలు అండీ. ఎగ్జాస్ట్ ట్యూబే వేస్తాను. గింబల్ బేరింగ్ లాగడానికి స్లైడ్ హ్యామర్ (బరువు జార్చి కొడుతూ బయటికి లాగే టూల్) లేదు. పైగా అలైన్‌మెంట్ బార్ లేకుండా డ్రైవ్ నేరుగా తోసి చూస్తే ఏమవుతుంది? దూరితే అలైన్‌మెంట్ ఉన్నట్టే కదా?

ఆటోనగర్_లేత్

దూరడం వేరు, సరిగ్గా ఉండడం వేరు. డ్రైవ్ బరువుతో తోస్తే వంకరగా ఉన్నా దూరుతుంది. ఆ తర్వాత కప్లర్ (ఇంజిన్ వెనక, డ్రైవ్ షాఫ్ట్ దూరే భాగం) లోపలి స్ప్లైన్లు (షాఫ్ట్‌ని పట్టి తిప్పే పళ్లు) అరిగి, బోటు నది మధ్యలో ఉండగా ఇంజిన్ తిరుగుతుంది, ప్రొపెల్లర్ తిరగదు. కప్లర్ మార్చాలంటే ఇంజిన్ దింపాలి.

బార్ కోసం డ్రైవ్ ఇన్‌పుట్ షాఫ్ట్‌నే లేత్ దగ్గరికి తీసుకెళ్లి, బేరింగ్ కూర్చునే చోటు, కప్లర్ ముందు దూరే కొస రెండూ కొలిపించండి. ఆ రెండు సైజుల్లో నిటారైన కడ్డీ తిప్పించాలి. కొసకి గ్రీజు పూసి బేరింగ్ గుండా కప్లర్‌లోకి నెట్టండి. రెండు వేళ్లతో దూరాలి. బయటికి తీశాక గ్రీజు మీద స్ప్లైన్ గుర్తులు చుట్టూ ఒకేలా ఉండాలి. పైనో కిందో మాత్రమే పడితే ఇంజిన్ ముందు మౌంట్లు ఎత్తి దించి సరిచేయండి. వెనక మౌంట్లకి ఆ సర్దుబాటు లేదు. గింబల్ బేరింగ్ తన గూటిలో అటూ ఇటూ ఒరుగుతుంది, బార్ దూర్చేముందు దాన్ని చేత్తో నిటారుగా తిప్పుకోండి.

కృష్ణలంక_మెరైన్

బేరింగ్ తీయడానికి 16 ఎంఎం మరల కడ్డీ, వెనక పట్టే అడ్డపట్టీ, హౌసింగ్ అంచుల మీద ఆనే మందపాటి ప్లేటు ఉంటే చాలు. ముందు నట్టు తిప్పుతూ పోతే మెల్లగా వచ్చేస్తుంది. పాతది ఎలాగూ పారేసేదే కాబట్టి లోపలి రింగు పట్టి లాగినా ఫర్వాలేదు.

కొత్తది మాత్రం బయటి రింగు మీదే దెబ్బ పడేలా సరిపడా పైపు ముక్కతో దించాలి. లోపలి రింగు మీద కొడితే గోళీలకి గుంటలు పడి వారంలో మళ్లీ గరగర మొదలు. బేరింగ్‌ని ఒక గంట ఫ్రీజర్‌లో ఉంచితే తేలిగ్గా దిగుతుంది. గ్రీజు రంధ్రం ఉన్న రకమైతే చుట్టూ ఉన్న రింగు చీలిక ఆ రంధ్రానికి ఎదురుగా రావాలి, లేకపోతే గ్రీజు గన్ కొట్టినా లోపలికి వెళ్లదు.

అంతా అయ్యాక డ్రైవ్ పూర్తిగా ఎత్తి, రెండు పక్కలా తిప్పి, ఏ మడతా నలగడంలేదని చూడండి. నీళ్లలో దించాక పావుగంట టార్చితో ఇంజిన్ వెనక కూర్చోండి. ఇక బోటు ఊరికే ఉంచే రోజుల్లో డ్రైవ్ కిందికే ఉంచండి. గుర్రపుడెక్క చుట్టుకుంటుందని చాలామంది ఎత్తి పెడతారు, మడతలు వంగి ఉండిపోయి మన ఎండకి అక్కడే పగులుతాయి.