అప్‌డేట్: నాలుగో స్థానంలో ఉన్న ఒడిశాకి కప్పు ఆశ ఎలా మిగిలింది?

బరంపురం నుంచి నేను అడిగింది ఇదీ: 2023-24 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్‌లో మోహన్ బగాన్ 48 పాయింట్లతో పైనుంటే, 39తో నాలుగో స్థానంలో ఉన్న ఒడిశా ఎఫ్‌సీకి కప్పు దారేది? మీ జవాబులన్నీ చదివాక తేలింది, షీల్డూ కప్పూ ఒకటే అనుకోవడం నా పొరపాటని.

ఆ సీజన్‌లో 12 జట్లు, తలా 22 మ్యాచ్‌లు, లీగ్‌లో ఫస్టొస్తే షీల్డ్. కప్పు మాత్రం మొదటి ఆరు జట్ల ప్లేఆఫ్ గెలిచినవాళ్లది. 1, 2 నేరుగా సెమీస్‌కి. 3-6, 4-5 జట్లకి ఒక్క మ్యాచే, అదీ పైజట్టు సొంత మైదానంలో. నాలుగో స్థానం విలువ అక్కడే! భువనేశ్వర్‌లోని ఒడిశా సొంత మైదానం కళింగలో, ఐదో స్థానంలోని కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టినా, 87వ నిమిషంలో ఒడిశా ఆటగాడు మారిసియో సమం చేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో 98వ నిమిషానికి ఐజాక్ ఒడిశా తరఫున తేల్చేశాడు.

సెమీస్‌కి రెండు లెగ్‌లు, అంటే ఒక్కో జట్టు మైదానంలో ఒక్కో మ్యాచ్. ఒడిశాకి ఎదురైంది బగాన్. భువనేశ్వర్‌లో 2-1 గెలుపు, కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో 0-2 ఓటమి, మొత్తం 2-3. అవే గోల్ నియమం (మొత్తం స్కోరు సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే గెలిచినట్టు) అప్పుడు లేదు కాబట్టే బగాన్‌కి రెండో గోల్ అవసరమైంది. బగాన్ ఆటగాడు సహల్ దాన్ని ఇంజురీ టైమ్‌లో కొట్టాడు. విచిత్రమేంటంటే, షీల్డ్ గెలిచిన బగానే ఫైనల్లో ముంబై చేతిలో 1-3తో ఓడింది.

కళింగకి వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి: రాత్రి 7:30కి మొదలయ్యే నాకౌట్ మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్తే 10:15 దాటొచ్చు. తిరుగు రైలు టికెట్ ఆ లెక్కన తీయండి.