ఎముక మజ్జ మూలకణం ఏ కణంగా మారాలో తేల్చేది కింద ఉన్న జెల్ గట్టిదనమా, పైన పూసిన కొలాజెన్ ప్రొటీనా?

మజ్జరాజు: 2006లో ఎంగ్లర్ బృందం పాలీఅక్రిలమైడ్ జెల్ మీద చూపించాక ఇంకా అనుమానమేంటండీ? మీడియం (కణాలు పెరిగే ద్రవం) ఒకటే, గట్టిదనం ఒక్కటే వేరు. 0.1–1 కిలోపాస్కల్ (గట్టిదనం కొలత) మీద నాడీకణం పోకడ, 8–17 మీద కండరం, 25–40 మీద ఎముక.

కొలాజెన్ కోటి: ఒక్కటే వేరని ఎవరన్నారు? బిస్ (జెల్‌ని గట్టిపరిచే రసాయనం) పాళ్లు మారిస్తే జెల్ కన్నాల సైజూ మారుతుంది. కొలాజెన్ పోగు ఎక్కడెక్కడ అతుక్కుందో అదీ మారుతుంది. 2012లో ట్రాప్‌మన్ వాళ్లు పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరుని 0.1 కిలోపాస్కల్ నుంచి 2.3 మెగాపాస్కల్ దాకా మార్చినా కణాలు పట్టించుకోలేదు.

మజ్జరాజు: 2014లో వెన్ వాళ్లు గట్టిదనం కదపకుండా కన్నాలు మార్చారు, అతుకులూ మార్చారు. కణాలు గట్టిదనం మాటే విన్నాయి. అది చదవలేదా?

కొలాజెన్ కోటి: చదివాను. మీ పలకల బావుల్లో (జెల్ పోసే గుంటల్లో) కొలాజెన్ సమంగా పట్టిందని ఎప్పుడైనా చూపించారా? కొలాజెన్‌ని జెల్‌కి అతికించే సల్ఫో-శాన్‌పా నీళ్లలో కలిపి పక్కన పెడితే పాడైపోతుంది, డీఎంఎస్ఓ ద్రావకంలో కరిగించి అప్పటికప్పుడు పలచన చేయాలి. ఆ అతుకు పడేందుకు పెట్టే 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద నడిమి బావికీ అంచు బావికీ ఒకే వెలుగు పడదు. మెరిసే కొలాజెన్ పూసి ఫొటో తీస్తే తెలుస్తుంది. ఆ ఫొటో మాత్రం ఎవరూ పెట్టరు!

గాజుపలక: జెల్ మందం ఎంత? నాలుగైదు మైక్రాన్లే అయితే కణానికి కింద గాజు తెలిసిపోతుంది.

మజ్జరాజు: కోటిగారికి ఏ ఫలితం చూపినా పూతలో తప్పే. ఇక మాట్లాడేదేముంది?

కొలాజెన్ కోటి: కణాన్ని ఎముక వైపు నెట్టే డెక్సామెథసోన్ మందు 100 నానోమోలార్ పోసి, ఎముక వచ్చింది, గట్టిదనం మహిమ అంటే నవ్వరా మరి?

వాసం: అసలు గొడవ జెల్ గురించి కాదు కదా. రాజుగారు కణానికి బయటే తర్ఫీదిచ్చి శరీరంలోకి పంపుదామంటారు. కోటిగారికి కణం దిగిన చోటే సర్వం. ఆ మాట పైకి అనరు.

కొలాజెన్ కోటి: అంటాను. ఎలుక గుండె గట్టిదనం మామూలుగా 18 కిలోపాస్కల్, దెబ్బతిన్న చోట 55 దాకా. 2007లో బ్రైట్‌బాఖ్ వాళ్లు చిట్టెలుక గుండెలో మజ్జ కణాలు దించితే కాల్షియం గడ్డలు కట్టాయి. ఏం తర్ఫీదు పనికొచ్చింది?

మజ్జరాజు: అవి పెరిగిందే ప్లాస్టిక్ మీద! గట్టి పలక మీద ఒక్కరోజు ఉంటే గట్టిదనం కబురు కేంద్రకానికి మోసే వైఏపీ ప్రొటీన్ మెత్తటి జెల్ మీద కేంద్రకం నుంచి బయటికొస్తుంది, పది రోజులుంటే కేంద్రకంలోనే ఉండిపోతుంది. 2014లోనే తేలింది. మొదట్నించీ మెత్తటి జెల్ మీద పెంచండి.

వాసం: 0.25 కిలోపాస్కల్ మీద అవి చావవు, కానీ విభజనా ఆపేస్తాయి. ఒక్క రోగికి కోట్ల కణాలు కావాలి. వాటిని ఏ డిష్‌లో పెంచుతారు రాజుగారూ?