కరెంటు తిరిగి వెళ్ళిపోతుంటే బిల్లు దేనికి?

పాకాల టీచర్:
పాకాల దగ్గర హైస్కూల్లో టెన్త్‌కి ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న బోర్డు మీద సర్క్యూట్ గీసి, ఫేజులో ఎంత కరెంటు వస్తుందో న్యూట్రల్లో అంతే తిరిగి వెళ్తుందని చెప్పాను. వెనక బెంచీలో ఒకడు లేచాడు. "వచ్చింది వచ్చినట్టే పోతుంటే మనం బిల్లు దేనికి కడుతున్నాం మేడం?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదిహేనేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"శక్తికి కడుతున్నాం" అన్నాను. "శక్తి అంటే కరెంటే కదా" అన్నాడు. వాడి తప్పేం లేదు. మన ఇళ్ళల్లో పోయేదీ కరెంటే, షాక్ కొట్టేదీ కరెంటే, నెలనెలా బిల్లొచ్చేదీ కరెంటుకే. బళ్ళోకి వచ్చేసరికి అదే మాటను ఒక్క ఆంపియర్లకే వాడమంటాం. కిలోవాట్‌కీ కిలోవాట్ అవర్‌కీ తేడా తలకెక్కనిది కూడా ఇందుకేనేమో. సూత్రాలు అందరికీ నోటికొచ్చు, లెక్కలూ టకటకా చేసేస్తారు. వాడికి నమ్మకం కుదిరేలా ఎలా చెప్పాలి? ల్యాబ్‌లో ఉన్నది నాలుగు బ్యాటరీలు, ముల్లు కదలని ఒక అమ్మీటరు.

రిటైర్డ్ లైన్‌మన్, చిత్తూరు:
ముందు వాడు చెప్పింది నిజమని ఒప్పుకోండి మేడం. తర్వాత వాడి ముందు టాంగ్ టెస్టర్ పెట్టండి, అదే, వైరును చుట్టి పట్టుకుని కరెంటు కొలిచే మీటరు. ఫేజు, న్యూట్రలు విడివిడి వైర్లుగా ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి ఎలక్ట్రీషియన్ చేత కట్టించండి, పిల్లల చేత మాత్రం వద్దు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే ఫేజు మీద సుమారు 4.3 ఆంపియర్లు చూపిస్తుంది. న్యూట్రల్ మీదా అంతే. రెండు వైర్లనూ కలిపి టెస్టర్లో పట్టండి, ఒకదానికొకటి ఎదురు కాబట్టి సున్నా. తేడా ఉన్నది వోల్టేజీలో. 230 వోల్టుల తోపుడంతా ఇస్త్రీపెట్టెలోనే ఖర్చయిపోతుంది, న్యూట్రల్లో తిరిగెళ్ళే కరెంటు వెనక తోపుడు దాదాపు ఉండదు.

ఒకవేళ వచ్చినదానికీ పోయినదానికీ లెక్క తేలలేదంటే, కొంత ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందేమోనని భయపడాలి. ఇళ్ళల్లో పెట్టే ఆర్‌సీసీబీ అనే సేఫ్టీ స్విచ్ కనిపెట్టేది ఆ తేడానే. 30 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వకుండా లైన్ కట్ చేసేస్తుంది.

ట్యూషన్ మాస్టారు, తిరుపతి:
నేనైతే తిరుమల బస్సులు చెప్తాను. గంటకి ఎన్ని బస్సులు కొండెక్కితే అన్నీ దిగుతాయి. బస్సులు కరెంటు, పైన దింపిన జనం శక్తి. పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది.

పలమనేరు రైతు:
టీచరమ్మా, యూనిట్ ఎంతో తెలియాలంటే మా బోరు దగ్గరికి తీసుకురండి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, 36 లక్షల జౌళ్ళు. లీటరు నీళ్ళు మీటరు ఎత్తుకి తోడడానికి 9.8 జౌళ్ళు చాలు. మా మోటారు 1000 అడుగుల్లో ఉంది, ఎండాకాలం నీళ్ళూ అక్కడే. అంటే 305 మీటర్లు. చుక్క నష్టం లేకపోతే యూనిట్‌కి 1200 లీటర్లు పైకి రావాలి. మాది 7.5 హెచ్‌పీ, గంటకి తక్కువలో తక్కువ 5.6 యూనిట్లు లాగుతుంది. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూశాను, నిండడానికి నాలుగు నిమిషాలు. మీవాళ్ళని లెక్క కట్టమనండి, సగం కూడా రాలేదని తేలుతుంది. మిగతాది మోటారు వేడికీ, పంపుకీ, పైపు రాపిడికీ పోయింది. వ్యవసాయానికి బిల్లు లేదు కాబట్టి ఈ లెక్క మాలో ఎవరూ వెయ్యరు, అది వేరే సంగతి.

పాకాల టీచర్:
అందరికీ థాంక్స్. టాంగ్ టెస్టర్ పెట్టించాం. సున్నా చూసి వాడు నోరు తెరిచాడు. మీటరు దగ్గరికీ తీసుకెళ్ళాను. దాని మీద చిన్న లైటు యూనిట్‌కి 3200 సార్లు మినుకుతుందని రాసి ఉంది. మిగతావన్నీ ఆపి ఇస్త్రీపెట్టె ఒక్కటే వేస్తే నిమిషానికి 53 రావాలి, 51 వచ్చాయి. వోల్టేజీ చూస్తే 225 ఉంది. ఒక్కో మినుకూ 1125 జౌళ్ళని వాళ్ళే తేల్చారు.

బస్సుల కథే కాస్త అడ్డం తిరిగింది. "ఎక్కిన జనం కూడా దిగొచ్చేస్తారు కదా మేడం?" అన్నాడు వాడే. నేను నీళ్ళు నమిలాను. ముందు బెంచీలో అమ్మాయి అందుకుంది: "మనుషులు దిగొస్తారు, జుట్టు పైనే ఉండిపోతుంది." ఇంక అదే పట్టుకున్నాం. జనం కరెంటు, తలకెంత జుట్టో అది వోల్టేజీ, నిమిషానికి కల్యాణకట్టలో రాలే జుట్టు వాట్లు, పొద్దుపోయేసరికి పోగైన మూటలు యూనిట్లు. కిలోవాట్‌కీ కిలోవాట్ అవర్‌కీ తేడా ఆ రోజు మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

ట్యూషన్ మాస్టారు, తిరుపతి:
గుండు నేనూ వాడుకుంటాను మేడం! కానీ ఇంట్లోది ఏసీ కరెంటు, అటూ ఇటూ దిశ మారేది. ఎలక్ట్రాన్లు కొండెక్కవు, సెకనుకి 50 సార్లు ఉన్నచోటే ఊగుతాయి. వాడు అది అడిగితే?

రిటైర్డ్ లైన్‌మన్, చిత్తూరు:
రంపం చూపించండి. ముందుకీ వెనక్కీ ఆడుతుందే గానీ ఎక్కడికీ పోదు. కట్టె తెగుతుంది, కోసేవాడికి చెమట పడుతుంది.

పాకాల టీచర్:
రంపం దాచుకుంటాను సార్. వాడు అడిగినప్పుడే బయటికి తీస్తాను.