మందార పుప్పొడి మీద ముళ్ళు కనిపించడం లేదు

ప్రశ్న:
మా పాప కోసం కొన్న మామూలు మైక్రోస్కోపులో మందార పుప్పొడి చూస్తున్నాం. పాఠంలో ముళ్ళబంతి బొమ్మ ఉంది. మాకేమో నల్లటి అంచుతో, మధ్యలో మెరిసే గుండ్రాలే కనిపిస్తున్నాయి. స్లైడ్ మీద నీటిచుక్క వేసి, పైన కవర్‌స్లిప్ (పల్చటి గాజుబిళ్ళ) పెట్టాం. రంగు ఏమైనా వేయాలా?

జవాబు 1:
అవి గాలి బుడగలండీ. కవర్‌స్లిప్‌ని ఏటవాలుగా పట్టుకుని, ఒక అంచు నీటికి తాకించి, సూదితో మెల్లగా దించండి.

జవాబు 2:
మందారకి రంగు అక్కర్లేదు. దాని రేణువు మిల్లీమీటరులో పదోవంతుకి పైనే ఉంటుంది, మామూలు కంటికే పసుపు నలుసులా కనిపిస్తుంది. నేనైతే ముందు నీళ్ళే వేయను. కేసరాన్ని స్లైడ్ మీద తట్టి, రాలిన పొడిని అలాగే పెట్టి, కింది లైటు ఆపేసి పక్కనుంచి టార్చి వేస్తాను. కింది వెలుతురులో నల్లటి ముద్దలా ఉండేది అప్పుడు పసుపుపచ్చగా, ఒంటినిండా ముళ్ళతో కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు!

10 రెట్ల లెన్సు చాలు. ఫోకస్ మరని సన్నగా తిప్పుతూనే ఉండండి. ఒకసారి పైముళ్ళ మొనలు, ఇంకాస్త తిప్పితే అంచు చుట్టూ ఉన్నవి తేలతాయి. అన్నీ ఒకేసారి స్పష్టంగా రావు. పుస్తకాల్లో ఆ ముళ్ళబంతుల ఫొటోలు చాలావరకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసినవి, వాటితో పోల్చుకుని పాపని నిరాశపడనివ్వకండి.

ఆ తర్వాత గడ్డిపూల పుప్పొడి చూపించండి. ముళ్ళుండవు, నున్నగా ఉంటుంది. గాలికి ఎగిరిపోయేదానికి పురుగు ఒంటికి అంటుకునే పని లేదు కదా.

జవాబు 3:
నీళ్ళలో పుప్పొడి పగిలిపోతుందంటారు, నిజమేనా?

జవాబు 2 రాసినవారు:
కొన్ని పగులుతాయి. నీరు పీల్చుకుని ఉబ్బి, లోపలి పదార్థం బయటికొస్తుంది. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ క్లార్కియా పువ్వు పుప్పొడిని పరిశీలిస్తూ గమనించింది, రేణువుల లోపలుండే సూక్ష్మ కణాలు నీటిలో ఆగకుండా కదలడాన్నే. బ్రౌనియన్ చలనం అంటే అదే.

పగలకుండా చూడాలంటే 10 శాతం పంచదార నీళ్ళు వాడండి. బిళ్ళగన్నేరు పుప్పొడి అందులో వేసి, ఆరిపోకుండా మూతపెట్టి, అరగంట నుంచి అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. కొన్ని రేణువుల్లోంచి సన్నని గొట్టం సాగుతుంది, అదే పరాగనాళం. పువ్వులో అండం దాకా వెళ్ళే దారి అది. పాపకి తప్పకుండా చూపించాల్సింది ఇదేనని నా నమ్మకం. పువ్వు మాత్రం అప్పుడే విచ్చినదై ఉండాలి. దాని కేసరాలు పైకి కనిపించవు, గొట్టం లోపల పైభాగంలో దాగుంటాయి. బ్లేడుతో మీరే నిలువుగా చీల్చి ఇవ్వండి.