ముసురులో టమాటలు పండట్లేదు, తెంపేయాలా?

హనుమకొండలో మా మిద్దె మీద ఆరు బకెట్లలో టమాట పెట్టాను. విత్తనం నుంచి పెంచుకున్న మొక్కలు. కాయలు నిమ్మకాయంత అయ్యాయి కానీ పచ్చగానే ఉన్నాయి. వారం నుంచి ఒకటే ముసురు. నిన్న ఒక కాయ అడుగున కొంచెం తెల్లబడిందని సంబరపడ్డాను. పొద్దున చూస్తే తొడిమ చుట్టూ పగిలి, పగులులో వాన నీళ్లు. ప్రాణం ఉసూరుమంది. మిగతావి ఉంచాలా, తెంపాలా?

జవాబు:
అక్కా, తెల్లబడ్డవి ఇవాళే తెంపేయండి. కాయ పండడానికి ఎండ తగలక్కర్లేదు, వెచ్చదనం చాలు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఎరుపు బాగా వస్తుంది. కాగితం సంచిలో ఒక అరటిపండుతో కలిపి వంటింట్లో పెట్టండి. ఆ పండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువే టమాటను కూడా పండిస్తుంది. తడి తుడిచి పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, పచ్చికాయ అక్కడ పండదు. ముదురు పచ్చగా, గట్టిగా ఉన్నవి చెట్టుకే ఉంచండి. లేతకాయ సంచిలో ముడుచుకుపోతుందే తప్ప రుచి రాదు.

ఇంకో జవాబు (నర్సంపేట నుంచి):
పగులుడుకు కారణం వేర్లు ఒక్కసారిగా నీళ్లు తాగడం. బకెట్లను ఇటుకల మీదికి ఎత్తండి, అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. పైన పాలిథిన్ షీట్ కట్టండి, పక్కలకు గాలి ఆడాలి.

అడిగినవారు:
రెండు బకెట్ల రంధ్రాలు నిజంగానే పూడుకుపోయాయి! తొమ్మిది కాయలు సంచిలో పెట్టాను. ఐదో రోజుకు నాలుగు ఎర్రబడ్డాయి. పులుపు కాస్త ఎక్కువే, పప్పులోకి బ్రహ్మాండంగా ఉన్నాయి.